డిఫెన్స్‌మన్ ఎడమ మోకాలు

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, చలికాలం మొదట్లో, దోహాలోని మా క్రీడా వైద్య క్లినిక్‌లో ఒక కొత్త పేషెంటును నాకు అప్పగించారు. నేను అక్కడ సీనియర్ ఫిజియోథెరపిస్టును. అతని పేరు యాన్. చెక్ దేశస్థుడు, నలభైకి దగ్గర పడ్డవాడు. యూరప్‌లో పద్దెనిమిదేళ్ళు ఐస్ హాకీ వృత్తిగా ఆడి, ఆ తర్వాత ఇక్కడ ఒక మాల్‌లోని మంచు రింకులో కోచ్‌గా చేరాడు. సాయంత్రాలు ఔత్సాహికుల జట్టులో ఆడేవాడు.

కాకినాడలో పుట్టి పెరిగిన నాకు మంచు అంటే ఫ్రిజ్‌లో ఉండేదే. ఆట సంగతులన్నీ అతనే ఓపికగా చెప్పాడు. డిఫెన్స్‌మన్ అంటే గోలు ముందు కాపు కాసేవాడు. దూసుకొచ్చే ఆటగాడి మీంచి చూపు తిప్పకుండా వెనక్కి జారుతూ పోవాలి. అతను ఎటు తప్పుకుంటే అటు క్షణంలో తిరగాలి. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళకు ఒళ్ళు అడ్డం పెట్టాలి. "గోలు కొట్టినవాడి ఫొటో పేపర్లో వస్తుంది, నాది ఎక్స్‌రేలో వస్తుంది" అని నవ్వేవాడు.

అతని ఎడమ మోకాలి లోపలి పక్క, ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు చిరిగింది. కొన్ని వారాలు వ్యాయామాలు చేయించాను. ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. పక్క బెడ్డు మీది ముసలాయన కాలు ఎత్తలేక విసుక్కుంటే, తనూ పడుకుని అంకెలు లెక్కపెడుతూ ఆయన చేత ఎత్తించేవాడు. అతను వచ్చే రోజు మా డిపార్ట్‌మెంటులో అందరికీ హుషారుగా ఉండేది.

తిరిగి ఆడడానికి అనుమతిస్తూ సంతకం పెట్టేది డాక్టరే. కానీ దానికి ఆధారం ఫిజియో రాసే నివేదిక. రెండు కాళ్ళ బలంలో పెద్ద తేడా ఉండకూడదు, ఒంటికాలి గెంతులో తడబడకూడదు, నొప్పి ఉండకూడదు. యాన్ అన్నీ దాటాడు. నొప్పి పదికి ఎంత అంటే సున్నా అన్నాడు. అతని జట్టు ఆడాల్సిన టోర్నమెంటు ఫైనల్‌కు నాలుగు రోజులుంది. ఆడవచ్చని రాశాను.

మర్నాడు ముచ్చటపడి అతని ప్రాక్టీసు చూడడానికి వెళ్ళాను. క్లినిక్ డ్రైవరు ఓబులేసు, కడప జిల్లావాడు, అతనూ లోపలికి వచ్చి రింకు చుట్టూ ఉన్న అద్దం దగ్గర నిలబడ్డాడు. కాసేపు చూసి అన్నాడు: "మేడమ్, ఆయప్ప ఎనక్కి పోతా పోతా కుడిపక్కకే తిరుగుతాండాడు. ఎడమకు తిరగడంల్యా. ఎందుకు?"

అతను చెప్పాక నాకూ కనిపించింది. ఎడమకు వెళ్ళాల్సినప్పుడల్లా యాన్ కుడి మీదుగా చుట్టి వస్తున్నాడు. పిలిచి, ఎడమకు తిరిగి చూపించమన్నాను. తిరిగాడు. మోకాలు లోపలికి వాలింది. ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఎన్నాళ్ళనుంచి దాస్తున్నావని అడిగాను.

"పద్దెనిమిదేళ్ళుగా ఏ డాక్టరుకూ నిజం చెప్పలేదు మేడమ్. చెబితే మర్నాడు నా చోట ఇంకొకడుంటాడు. ఇక్కడ నా చోటు కోసం ఎవరూ కాచుకుని లేరు. అయినా నోరు రాలేదు."

నివేదిక వెనక్కి తీసుకున్నాను. పరీక్ష నేను సరిగా చేయలేదని డాక్టరుకు రాసిచ్చాను. ఉద్యోగంలో అలా రాయడం అదే మొదటిసారి. మళ్ళీ తీసిన స్కాన్‌లో లిగమెంటు ఇంకా పూర్తిగా అతుక్కోలేదని తేలింది. ఆడి ఉంటే తెగిపోయేదని డాక్టరు అన్నారు.

ఫైనల్ రోజు యాన్ బెంచీ మీదే కూర్చున్నాడు. జట్టు ఒక్క గోలు తేడాతో ఓడింది. కెప్టెన్ నాతో ముభావంగా ఉంటే, యాన్ అతన్ని పక్కకు పిలిచి, అబద్ధమాడింది తనేనని చెప్పాడట. మరుసటి సీజన్‌లో రెండు పక్కలకూ తిరుగుతూ ఆడాడు. ఇంకో రెండేళ్ళు ఆడి, ఎవరూ చెప్పకుండానే ఆపేశాడు.

ఆ ఫైనల్ నాటి నుంచి నివేదిక రాసే ముందు, వీలైనప్పుడల్లా పేషెంటు పనిచేసే చోటికే వెళ్ళి ఆ పని చేయించి చూశాను. ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డర్ల చేతా వర్క్‌షాపులోనే నిచ్చెన ఎక్కించాను. నొప్పి లేదని ఎవరైనా చెబితే, ఉందంటే అతనికి ఏం పోతుందో ముందు కనుక్కోవాలి. పరీక్ష ఆ తర్వాతే.