తెల్లకాగితంగా వచ్చిన జాతకం

2004 ప్రాంతంలో తిరువూరు బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ సెంటరు ఉండేది. వైరస్‌ల బాధ పడలేక ఒకసారి కంప్యూటర్‌లో విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా పట్టని లైనక్స్ వేయించాను. జాతకాలు వేసే విండోస్ ప్రోగ్రామ్ దాని మీద కూడా నడుస్తోందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆ వారమే ఎ.కొండూరు నుంచి ఒక మాస్టారు, కూతురికి వచ్చిన సంబంధం కోసం ఆమె జాతకం వేయించడానికి వచ్చారు. వెంట పెళ్ళికొడుకు మేనత్త కూడా ఉంది. స్క్రీన్ మీద చక్రం చక్కగా కనబడింది. ప్రింట్ ఇస్తే మాత్రం తెల్లకాగితం వచ్చింది. మూడుసార్లు ఇచ్చినా అంతే.

"మీ అమ్మాయి జాతకం కాగితం మీదికే రానంటోంది. ఈ సంబంధం ఇంక వద్దులెండి మాస్టారూ" అంటూ ఆవిడ లేచింది.

తప్పు నా కంప్యూటర్‌దని నాకు తెలుసు. చెబితే పరువు పోతుందని నోరు మెదపలేదు.

మర్నాడు ఆ ప్రోగ్రామ్‌లో ప్రింటర్ సెట్టింగు ఒకటి మారిస్తే పేజీలన్నీ వచ్చేశాయి. అవి పట్టుకుని బస్సెక్కి మాస్టారింటికి వెళ్ళి, జరిగింది చెప్పాను.

"సంబంధం పోయాక ఇప్పుడెందుకులేమ్మా" అన్నారాయన నాతో.

మంచినీళ్ళు తెచ్చిన ఆ అమ్మాయి కాగితాలు అందుకుని చూసింది. "బాగానే ఉంది కదండీ నా జాతకం" అంది.

ఇప్పుడు ప్రింటు చెడితే, ఎవరూ అడక్కముందే తప్పు నాదేనంటాను. ఆ మేనత్త లేచినప్పుడు అనాల్సిన మాట అది.