తుడవకూడని ప్రశ్న

మా హైస్కూలు సోషల్ టీచరు గారు పోయిన గురువారం భీమవరంలో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోన్ చేసి చెప్పిన పాత ప్యూను, "పెద్ద బాధేం పడలేదంటండి, నిద్దర్లోనే" అన్నాడు. సంతోషం. బతికినన్నాళ్లూ మేం పెట్టిన బాధ చాలు.

ఆదివారం స్కూల్లో సంతాప సభ పెట్టారు. గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ ఫొటో కింద ‘అజాతశత్రువు, మృదుభాషిణి’ అని ఉంది. రెండూ అబద్ధాలే. ముప్ఫై అయిదేళ్లు తెలుగు చెప్పి, అందులో ఆఖరి పదకొండేళ్లు అదే స్కూలుకి హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి. విశేషణాలు ఎక్కడ అబద్ధమాడతాయో నాకు తెలుసు. ఆవిడకి శత్రువులున్నారు. ఒకాయన దండ పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రెండోవాణ్ణి నేను.

ఆవిడ పాఠం ఎలా ఉండేదో ముందు చెప్పాలి. ఒక సోమవారం తొమ్మిదో తరగతిలో కొత్త పద్ధతి పెట్టారు. వెనక రెండు బెంచీల వాళ్లు రోజూ గది ఊడవాలి. ఎందుకండీ అంటే, "ముందు బెంచీల వాళ్లు ఓటేసి నిర్ణయించారు" అన్నారు.

"మరి మాకు ఓటు లేదాండీ?"

"వెనక కూర్చున్నారుగా."

మంగళవారం గొణిగారు. బుధవారం సగం గదే ఊడ్చారు. గురువారం చీపురు మాయమైంది. క్లాసు లీడరు పరుగున వచ్చి, "మేడమ్, వీళ్లు చీపురు దాచేశారండీ!" అని ఫిర్యాదు చేస్తే, ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇప్పుడు పుస్తకాలు తెరవండి. ఫ్రెంచి విప్లవం" అన్నారు.

ఆ విప్లవం మీద మా ఇంట్లో లావుపాటి పుస్తకాలు అరడజను ఉన్నాయి. అన్నీ చదివాను. ఆ చీపురు చెప్పినంత తేటగా ఒక్కటీ చెప్పలేదు. అప్పట్లో మాత్రం ఆవిణ్ణి నా గదికి పిలిచి, "సిలబస్ అవుతుందాండీ?" అని అడిగాను. పరీక్షలు దగ్గరపడితే ఆవిడ పీరియడ్లు తీసి లెక్కల మాస్టారికి ఇచ్చేవాణ్ణి. "సోషల్‌కేముందండి, ఇంటి దగ్గర కూర్చుంటే అదే వచ్చేస్తుంది" అని ఆయన స్టాఫు రూములో అంటే మేమంతా నవ్వేవాళ్లం. ఒకరోజు ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, "అవునండి. ఎలక్షన్లప్పుడు మన ఇళ్లకి ఏం వస్తున్నాయో చూస్తున్నాంగా" అన్నారు. మళ్లీ ఎవరూ నవ్వలేదు. ‘మృదుభాషిణి’ అని రాయించినవాళ్లు ఆ రోజు అక్కడ లేరు కాబోలు.

శుక్రవారం ఆఖరి పీరియడ్ ప్రశ్నోత్తరాల సమయం. పార్లమెంటు పాఠంలో నాలుగు వాక్యాలుండే సంగతిని ఆవిడ ఏడాది పొడుగునా నడిపేవారు. తాను వెళ్లి బెంచీలో కూర్చునేవారు. ఒక పిల్ల స్పీకరై ఆవిడ కుర్చీలో కూర్చునేది. ఆ సమయంలో గదిలో అడుగు పెట్టినవాళ్లెవరైనా మంత్రే, అడిగినదానికి జవాబు చెప్పాలి. జవాబు రాని ప్రశ్నని బోర్డు మీద కుడిపక్క మూల గడి కట్టి రాసేవారు. జవాబు వచ్చేదాకా దాన్ని తుడవకూడదు. మిగతా టీచర్లు కూడా దాన్ని తప్పించుకుని రాసుకోవాల్సిందే. లెక్కల మాస్టారి సమీకరణాలు ఆ గడి దాకా వచ్చి, వంగి, కిందికి దిగేవి.

నేనూ ఒకసారి దొరికాను. ఆడపిల్లల బాత్రూం తాళం మీ గదిలో ఎందుకుందండీ అని పిల్లలు అడిగారు. ప్రశ్న గడిలోకెక్కింది. సోమవారం పొద్దున్నే తాళం తీయించాను, గడి తుడిచేశారు.

ఇరవై ఏళ్ల కిందట, రెండో పంట దాళ్వా వరికి కాలువ నీళ్లు వంతుల మీద వదులుతున్న రోజుల్లో, స్కూలు కమిటీ ఛైర్మన్ గారు ఒక శుక్రవారం ఆ గదిలోకి వచ్చారు. వానాకాలం మా రెండు క్లాసులు వరండాలో తడిసేవి. ఆయన రెండు గదులు కట్టిస్తానంటే స్థలం చూపించడానికి నేనే తీసుకొచ్చాను. కాలువ చిట్టచివర, శివారు పొలం కౌలుకి చేసే రైతు కూతురు లేచింది.

"మా వంతు రోజు కూడా శివారుకి నీళ్లెందుకు రావట్లేదండీ?"

ఎందుకు రావట్లేదో ఊరందరికీ తెలుసు. పైన కాలువ గట్టు కింద నుంచి ఛైర్మన్ గారి చేపల చెరువుల్లోకి పైపులున్నాయి.

ఆయన నవ్వి, "చూద్దాంలేమ్మా" అన్నారు.

టీచరు గారు బెంచీలోంచి కదలకుండా, "‘చూద్దాం’ జవాబు కాదండి. ఎప్పుడు చూస్తారో చెబితే అది జవాబు" అన్నారు.

ఆయన నా వైపు చూశారు. నేను గడియారం వైపు చూశాను. ప్రశ్న గడిలోకెక్కింది.

మూడు వారాలు అక్కడే ఉంది. శివారు చేలు నెర్రెలు తీశాయి. గదులు కట్టే మేస్త్రీ రాలేదు. ‘ఆ రాత తీయించండి, పంపుతాను’ అని ఛైర్మన్ గారి కబురు మాత్రం వచ్చింది. ఆవిణ్ణి పిలిచాను.

"వచ్చే వానాకాలం పిల్లలు మళ్లీ తడుస్తారండీ. తుడిచేస్తే పోయేదేముంది?"

"గదులు మంచివే మాస్టారూ. వాటిల్లో కూర్చుని ఏం అడగొచ్చో కూడా ఆయన్నే కనుక్కోండి మరి."

క్లాసులో రాజకీయాలు మాట్లాడుతున్నారని పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఒక్క అక్షరదోషం లేకుండా రాశాను. పరిపాలనా సౌలభ్యం కోసమంటూ ఆవిణ్ణి గోదావరి అవతల స్కూలుకి వేశారు. రిటైరయ్యేదాకా ఆరేళ్లు రోజూ నరసాపురం రేవులో పంటు పడవ ఎక్కి ఏరు దాటారు. మోకాళ్లు ఆ రేవు మెట్ల మీదే పోయాయి.

వెళ్లే రోజు ఆవిడ డస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీరే తుడవండి మాస్టారూ. పిల్లల చేత తుడిపించకండి."

తుడిచాను. పదో తరగతి మొత్తం చూస్తుండగా తుడిచాను. శివారు పిల్ల రెండో బెంచీలో ఉంది. తర్వాత గదులు లేచాయి. వాటి మీద ఛైర్మన్ గారి నాన్నగారి పేరుంది. పైపులు అలాగే ఉన్నాయి.

ఇద్దరం రిటైరయ్యాక ఆవిడ బజార్లో ఎదురుపడితే, "ఏం చదువుతున్నారు మాస్టారూ?" అని అడిగేవారు. పుస్తకం పేరు చెప్పేవాణ్ణి. "అందులోనైనా ఎవరైనా జవాబు చెప్పారా?" అని నవ్వి వెళ్లిపోయేవారు. ఆ నవ్వులో నా మీద కోపం ఉన్నా బాగుండేది.

ఆదివారం సభ ఆ పాత గదిలోనే జరిగింది. ఛైర్మన్ గారు మైకు పట్టుకుని, "ఆవిడ ఏనాడూ ఎవర్నీ నొప్పించి ఎరగరండి" అన్నారు.

లేచాను. "నొప్పించారండి. మిమ్మల్నీ, నన్నూ. ఇద్దరికీ తగినట్టే నొప్పించారు."

"కూర్చోండి మాస్టారూ, ఈ టైములో ఎందుకండి అవన్నీ" అని లెక్కల మాస్టారు నా చొక్కా లాగారు.

"మరి ఏ టైములోనండి? ఆవిడ బతికుండగా నాకు ధైర్యం కుదరలేదు."

అంతా చెప్పాను. పైపులు, ఉత్తరం, డస్టరు. చెప్పడం అయ్యేసరికి వెనక నుంచి ఒకావిడ లేచి బోర్డు దగ్గరికి నడిచింది. శివారు పిల్లే. ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. సుద్దముక్క తీసుకుని, కుడిపక్క మూల అదే ప్రశ్న రాసి గడి కట్టింది. "మా నాన్న పోయారు గానీ, పొలం అక్కడే ఉందండి" అంది.

"ఇప్పుడెందుకమ్మా ఇది, చూద్దాంలే" అన్నారు ఛైర్మన్ గారు.

"ఎప్పుడు చూస్తారండీ?"

ఆమె ఒక్కతే కాదు అన్నది. మూడు నాలుగు బెంచీల్లోని పాత పిల్లల నుంచి ఒకేసారి వచ్చింది ఆ మాట, పాఠం అప్పజెప్పినట్టు. ఆయన దండ బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

వస్తూ వస్తూ ఆ గదిలో డస్టరు నా సంచిలో వేసుకొచ్చాను. కావలసినవాళ్లు మా ఇంటికి రావచ్చు, జవాబు వెంటబెట్టుకుని రావాలి.

నిన్న ఆ దారిన వెళ్తూ కిటికీలోంచి చూశాను. ఎవరో కుర్ర మాస్టారు లెక్కలు చెబుతున్నాడు. అతని సమీకరణం బోర్డు మీద ఎడమ నుంచి బారుగా సాగి, గడి దాకా వచ్చి, వంగి, కిందికి దిగింది.