పెట్టెలో ఉందా, గాల్లో ఉందా?

మా బాబాయికి ఒకటే పిచ్చి. పెట్టెలో లేనిదాన్ని నమ్మడు.

పెట్టె అంటే ఆయన టైపింగ్ షాపులోని పాత కంప్యూటరు. తన చేత్తో అందులోకి ఎక్కించిన సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఆయన దృష్టిలో ఉన్నట్టు లెక్క. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండి మన తెరమీద కనిపించేదంతా గాలి సరుకు. ఎవరు ఏ కాగితం గురించి అడిగినా ముందు ఆయన ప్రశ్న ఒకటే: "పెట్టెలో ఉందా, గాల్లో ఉందా?"

ఈ పిచ్చి షాపు దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఒకసారి నాకేదో సంబంధం వచ్చిందని, అబ్బాయి ఫొటో ఇంటర్నెట్‌లో ఉందని పిన్ని చెప్పింది. "గాల్లో అబ్బాయి మనకొద్దు. వచ్చి కుర్చీలో కూర్చుంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. పిన్నికి ఒళ్లు మండింది.

"అసలు మీకు నామీద ప్రేమ అనేది ఉందా?"

"ఎందుకు లేదు? పెట్టెలోనే ఉంది. ఏ ఫోల్డర్లో పెట్టానో గుర్తురావడం లేదు, అంతే."

షాపులో పని చూసుకునేది నేనే. ఆ పెట్టెతో పడలేక చచ్చేదాన్ని. ఆన్ చేశాక లేవడానికి పావుగంట. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటీ వంకాయంత. కీబోర్డు మీద నాలుగు మీటలకు ప్లాస్టర్ ముక్కలు. "దీనికేం దెబ్బలు తగిలాయి బాబాయ్?" అంటే, "ముసలితనం అమ్మడూ, చూసీ చూడనట్టు పో" అనేవాడు.

ఇలా లాభం లేదని, ఆయన చుట్టాల పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లినప్పుడు, నేను తెగించాను. పెట్టెను మెట్ల కింద పడేసి, కొత్త కంప్యూటరు పెట్టాను. అందులో ఎక్కించాల్సింది ఏమీ లేదు. తెరిస్తే ఇంటర్నెట్, అందులోనే టైపింగ్, దాచడం, అన్నీ. పెట్టెలోని ఫైళ్లన్నీ అందులోకి మార్చేసి, మహా ఘనకార్యం చేసినట్టు కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను.

అది గురువారం. గురువారం మధ్యాహ్నమంటే లెక్కల టీచరుగారు వస్తారు. రిటైరై చాలా ఏళ్లయింది. లెక్కలంటే భయపడే పిల్లల కోసం మూడేళ్లుగా ఒక పుస్తకం రాస్తున్నారు, ఎవరికీ చెప్పి రాయించకుండా, తన చేత్తో తనే టైపు చేసుకుంటూ. చివరి పాఠం మిగిలింది. శనివారం ప్రెస్సుకు ఇవ్వాలి.

ఆవిడ కూర్చుని వేళ్లతో మీటలు తడిమారు. ఇంకోసారి తడిమారు. భిన్నం వేయడానికి ఎప్పటిలాగే పైవరుసలో ఐదో మీట నొక్కారు. కొత్తదాంట్లో ఆ మీట పని వేరు. తెరంతా తెల్లబడి, పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి తెరుచుకుంది. ఆవిడకు తెలియలేదు. టైపు చేసుకుంటూ పోయారు. చివరి పాఠంలో పంచాల్సిన సగం రొట్టె, పావు రొట్టె వెళ్లి పుస్తకం పేరుకు ముందు కూర్చున్నాయి.

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడకు చూపు దాదాపు పోయింది. ఆ ప్లాస్టర్లు ఆవిడ వేళ్లకు గుర్తులు.

"ఇక నావల్ల కాదేమోనమ్మా. మిగిలింది ఆపేద్దాం" అన్నారు టీచరుగారు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే బాబాయి సంచీతో గుమ్మంలోకి వచ్చాడు. ఒక్కసారి చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నెత్తి బాదుకున్నాడు.

"టీచరుగారూ, మీరైనా చెప్పండి దీనికి! ఈ గాలి పెట్టె నాకెక్కడొస్తుంది? ఉన్నదేదో అలవాటైపోయిన ప్రాణం. పాతదే పెట్టిస్తాను, నాకోసం కాస్త సర్దుకోరూ?"

టీచరుగారి ముఖం తేటపడింది. "అయ్యో, దానిదేముంది బాబూ, సర్దుకుంటాను" అన్నారు.

పెట్టెను ఇద్దరం మోసుకొచ్చాం. అది పావుగంట తీసుకుని లేచింది. ఐదో మీట నొక్కితే భిన్నం పడింది. రొట్టెలన్నీ పిల్లలకు సరిగ్గా పంచి, సాయంత్రానికి చివరి పాఠం పూర్తి చేశారు టీచరుగారు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. కింద మెట్టు మీద ఆగి, గొంతు తగ్గించి చెప్పారు.

"మీ బాబాయిని కొత్తవాటితో ఇబ్బంది పెట్టకమ్మా. పాపం, ఆయన బుర్రకు ఎక్కవు. ఆయన చిన్నబుచ్చుకుంటాడని నేనూ ఆ పాతదాంతోనే నెట్టుకొస్తున్నాను."

నవ్వు ఆపుకుంటూ పైకి వచ్చాను. బాబాయి నా కొత్త కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. పది వేళ్లూ పరుగెడుతున్నాయి. టీచరుగారి చివరి పాఠాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి తీసి ఇంటర్నెట్‌లో దాస్తున్నాడు. దాని పైన, మూడేళ్ల గురువారాల పాఠాలు, ఏ రోజుది ఆ రోజే దాచిన తారీఖులతో సహా బారులు తీరి ఉన్నాయి.

"బాబాయ్! గాల్లోనా?"

"మెల్లగా మాట్లాడవే! ఆ పెట్టెకు రేపేమైనా అయితే ఆవిడ కష్టమంతా ఏం కావాలి? రెండు చోట్లా ఉండాలి." ఆయన కిటికీలోంచి వీధిలోకి తొంగి చూశాడు. "వెళ్లిపోయారా? నా గురించి ఏమైనా అన్నారా?"

"కొత్తవి నీ బుర్రకు ఎక్కవన్నారు."

"అమ్మయ్య!" అన్నాడు బాబాయి.