దయ్యాల తంబోలాకు మీసాల బేనర్

“ఆ మీసాలెందుకు పెట్టావమ్మా?” అని అడిగింది లేడీస్ క్లబ్బు సెక్రటరీ మేడమ్, జీపులో ఒక కాలు పెట్టి.

“మీరని తెలిసిపోకూడదని మేడమ్,” అన్నాను నేను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. జీపు గీదం రోడ్డెక్కి వెళ్ళిపోయింది. వాళ్ళాయన రిటైరై టౌన్‌షిప్ వదిలిన రోజది. ఆమెకూ నాకూ మధ్య ఆఖరి మాటలు అవే. ఆమెకు తెలుసా, తెలియదా అని అప్పటికి ఆరేళ్ళుగా నాకు సగం సగం నిద్రే.

ఆ రోజుల్లో కోరికలు చిన్నవిగా ఉండేవని మా వయసువాళ్ళు అంటుంటారు. అబద్ధం. వస్తువులు చిన్నవేమో గాని కోరికలు ఎప్పుడూ కొండంతే. నా మటుకు నాకు అప్పట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ కావాలి. కొనుక్కునే కుర్చీ కాదు, లేడీస్ క్లబ్బు హాలులో తంబోలా ఆడేవాళ్ళు కూర్చునే కుర్చీ. పెళ్ళయి రెండో ఏడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఈ బస్తరు కొండ కిందికి వచ్చిపడ్డాను. మా ఆయన కొండ మీద ఇనుప రాయి తవ్వే గనిలో పని. నేను రెండో తరగతిలోనే బడికి దండం పెట్టేసినదాన్ని. అక్షరాలకీ నాకూ పడలేదు గాని అంకెలు మాత్రం నన్ను వదల్లేదు. బస్సు నంబర్లూ క్వార్టర్ల నంబర్లూ ఒకసారి చూస్తే చాలు, నోటికొచ్చేసేవి. తంబోలాకి కావలసింది అంకెలే కదా! సంచీలోంచి ఒక్కో అంకె తీసి అరుస్తారు, మన టికెట్టు మీద అది ఉంటే కొట్టేసుకోవాలి. పదిహేను అంకెలూ అయిపోతే ‘హౌస్’ అని కేక వెయ్యాలి, స్టీలు డబ్బా ఇస్తారు. నాకోసమే పుట్టించిన ఆటలాగా ఉండేది.

కానీ ఆ హాలు ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళది. లైను క్వార్టర్ల ఆడవాళ్ళం మేము వెనక వరండాలో పకోడీలు వెయ్యడానికీ, టీ గ్లాసులు కడగడానికీ వెళ్ళేవాళ్ళం. కిటికీలోంచి అంకెలు వినబడేవి. వింటూ చేతులు ముడుచుకుని ఎవరు కూర్చుంటారు? నేను బొగ్గు ముక్కతో వరండా గోడ మీద పదిహేను అంకెలు రాసుకుని నా ఆట నేను ఆడుకునేదాన్ని. ఒక శనివారం సాయంత్రం లోపలివాళ్ళెవరికీ రాకుండానే నాకు పదిహేనూ వచ్చేశాయి. ఒళ్ళు తెలియలేదు. చేతిలో చిల్లుల గరిటెతోనే “హౌస్!” అని పెడబొబ్బ పెట్టాను. మూకుట్లో పకోడీలు మాడిన కంపు.

సెక్రటరీ మేడమ్ కిటికీ దగ్గరకు వచ్చింది. మనిషి తెలుగావిడే, బెజవాడ వైపు. రెండు కనుబొమలూ విల్లులాగా కలిసిపోయి ఉండేవి, గడ్డం మీద కందిగింజంత పుట్టుమచ్చ, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆ కళ్ళజోడు పెట్టుకుని గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, “టికెట్ లేనివాళ్ళకి హౌస్ ఏమిటమ్మా? ముందు ఆ పకోడీలు చూసుకో,” అంది. లోపల కుర్చీలన్నీ గొల్లుమన్నాయి. (గొల్లుమన్నాయి అనే రాయవే, నవ్వారు అని మెత్తగా రాయకు. నవ్వితే నాకంత మండేది కాదు.)

తరువాతి వారమే రాయపూర్‌లో చదివే ఆమె కూతురు సెలవులకు వచ్చింది. ఆ పిల్ల బుర్రలో పుట్టింది దయ్యాల తంబోలా. అందరూ నల్లబట్టలు కట్టుకోవాలట, హాలులో భయపెట్టే బేనర్ కట్టాలట. బజారులో అచ్చువేయించినది పనికిరాదట, చేత్తో చేసిన కాగితం బేనరే కావాలట. ఆఫీసర్ల ఆడవాళ్ళు గోళ్ళ రంగులు చూసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను టీ ట్రే పట్టుకుని నిలబడి, “నాను సేత్తాను మేడమ్,” అన్నాను. “మరి నాకు కుర్చీ కావాల. టికెట్టు కూడా.”

మేడమ్ ఆ విల్లు పైకెత్తి, “సరే. హాల్లోకి వచ్చి బేనర్ చూసినవాళ్ళు భయపడితే నీకు కుర్చీ. భయపడకపోతే మళ్ళీ మూకుడే. అందరూ విన్నారుగా?” అంది. అందరూ విన్నారు.

మా పక్క క్వార్టరులో ఎర్రబోరు అక్క ఉండేది. ఆమె పుట్టిల్లు ఎర్రబోరు, అందుకని ఆ పేరు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకంటే పది రెట్లు వెటకారం. ఇద్దరం పాత హిందీ పేపర్లు పొరలు పొరలుగా మైదా జిగురుతో అతికించాం. నలుపుకి కిరసనాయిలు దీపం మసి, తెలుపుకి సున్నం. ఎరుపుకి మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు. మా ఆయన యూనిఫారం నానబెట్టిన బకెట్టు అడుగున ఇనుపరాయి మట్టి ఎర్రగా పేరుకునేది. దాన్నే వడగట్టాను. అచ్చం నెత్తురే. ఆ సాయంత్రం ఆయన షిఫ్టు దిగి వచ్చి, గుమ్మంలో ఎర్రగా కారుతున్న కాగితాలు చూసి బూట్లతోనే వెనక్కి గెంతాడు.

“ఏటే ఇది? కోడిని కోసినావా, మనిసినా?”

“నీ పేంటూ సొక్కా కోసినాను గాని, నోర్మూసుకుని రా.”

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దయ్యం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన భయంకరమైన మొహం ఒక్కటే, కొత్త ఇళ్ళకి కట్టే దిష్టిబొమ్మ. గుడ్లు బయటపెట్టుకుని, కోరలతో, నాలుక చాపుకుని ఉంటుంది చూడు, అదే. ఒకటి గీశాను. ఎర్రబోరు అక్క తల అడ్డంగా ఊపింది.

“ఏందే ఇది, దీన్ని జూస్తే నాకు ఇల్లు కట్టుకోబుద్ధి అయితాంది. బయ్యం ఏడుంది?”

“మరేటి సేసేదక్కా?”

“నువ్వు ఎవలకి బయపడతవో ఆ మొకం గియ్యి. నీ బయ్యం నీ చేతిలకు రావాలె.”

ఆ మాట అనడం తప్పు, నేను వినడం ఇంకా తప్పు. నా వేళ్ళు వాటంతట అవే కదిలాయి. కలిసిపోయిన కనుబొమలు వచ్చాయి. గడ్డం మీద మచ్చ వచ్చింది. కళ్ళజోడు వచ్చింది, దానికి గొలుసు కూడా వచ్చింది. కింద నాలుక బారెడు. అలాంటివి ఏడు మొహాలు కత్తిరించి వరుసగా కట్టేదాకా నాకు చెయ్యి ఆగలేదు. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద పడి దొర్లింది.

మా ఆయన మాత్రం నవ్వలేదు. “ఓలమ్మోలమ్మ! సెక్రటరీ మేడమ్ని గీసేసినావేటే! వాళ్ళాయన నా మీద ఆఫీసరు. రేపట్నుంచి నాకు రేతిరి సిఫ్టులే!”

“మరి సింపేద్దునా?”

ఆయన ఏడు మొహాలనీ ఒకసారి చూశాడు. మీసం కింద పెదవి వణికింది. “సింపకు. బావుంది. నాలాగ మీసాలు పెట్టేయి, మగాడనుకుంటారు,” అన్నాడు. అని గోడకానుకుని, మీసం మెలేసి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ మీసం చూసి మసితో ఏడు మొహాలకీ దిద్దాను. (అప్పట్లో ఆయన మీసం అంత బాగుండేది. ఇది కొట్టెయ్యకు, ఉండనీ.)

దయ్యాల తంబోలా రోజు రానే వచ్చింది. బేనర్ వేదిక మీద కట్టించి, నేను టీ ట్రే పట్టుకుని వరండా గుమ్మం లోపలి పక్క నిలబడ్డాను, ఒక కన్ను కుర్చీల మీద, ఒక కన్ను మూకుడు మీద. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. తెలుగువాళ్ళు బేనర్ చూడగానే, “అబ్బ, దిష్టిబొమ్మలు! మా ఇంటికీ ఒకటి కావాలి సుమండీ,” అని మురిసిపోయారు. భయం లేదు సరికదా, ఒకావిడ దండం కూడా పెట్టింది. ఇక హిందీవాళ్ళు, “అరే, యే తో...” అని మొదలుపెట్టి, అక్కడే ఆగి, బేనర్‌నీ మేడమ్‌నీ చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీసాలు వాళ్ళని మోసం చెయ్యలేదు. హాలంతా కుతకుతమని ఉడుకుతోంది గాని భయపడింది ఒక్కరూ లేరు. నా కుర్చీ పోయింది. కుర్చీతో ఊరుకుంటుందా, మా ఆయన పగటి షిఫ్టు కూడా పోతుంది.

అప్పుడు సెక్రటరీ మేడమ్ వచ్చి సరిగ్గా బేనర్ కింద నిలబడి, గొలుసుకి వేలాడే కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పైన ఏడుగురు, కింద ఒకరు. ఎక్కడో ఎవరికో నవ్వాగక ఎక్కిళ్ళు వచ్చాయి. మేడమ్ మొదటి మొహం చూసింది, రెండోది చూసింది, ఏడోదాకా తాపీగా నడుచుకుంటూ వెళ్ళింది. నా గాజులు గలగలమంటున్నాయి. చేతిలో ట్రే, ట్రేలో గ్లాసులు, అన్నీ తాళం వేస్తున్నాయి.

“ఎవరైనా భయపడ్డారా?” అని అడిగింది మేడమ్.

తలలు అడ్డంగా ఊగాయి.

“అయితే మూకుడే,” అంది ఒక ఆఫీసరు భార్య.

నా వెనకనుంచి ఎర్రబోరు అక్క గొంతు లేచింది. “ఎందుకు భయపడలె మేడమ్? ఒకామె భయపడ్డది. గీసినామెనే! జూడుండ్రి, గిలాసలెట్ల ఎగురుతున్నయో!”

అందరూ నా వైపు తిరిగారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ కంగారులో ట్రే జారి నాలుగు గ్లాసులు భళ్ళుమన్నాయి. మేడమ్ నా దగ్గరకు వచ్చింది. కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ విల్లు మెల్లగా పైకి లేచింది.

“హాల్లోకి వచ్చి చూసినవాళ్ళు భయపడాలన్నాను,” అంది. “ఈమె హాల్లో ఉంది, చూసింది, భయపడింది. నిజంగానే భయపడింది, పాపం. కుర్చీ వెయ్యండి.”

కూర్చున్నాను. సగం అంచునే కూర్చున్నాను, మొత్తం కూర్చుంటే ఎవరైనా లాగేస్తారేమోనని. చేతిలో నిజం టికెట్టు. అంకెలు అరుస్తున్నారు. వింతేమిటంటే నాకు టికెట్టు మీద ఒక్క లైను కూడా నిండలేదు. వెనక నా బదులు అక్క వేస్తున్న పకోడీల వాసన వస్తుంటే, చూడకుండా ఉండలేక మూడుసార్లు వెనక్కి తిరిగాను. “ముందుకు చూడమ్మా,” అంది మేడమ్ సంచీలోంచి అంకె తీస్తూ. ఆట అయ్యాక బేనర్ ముక్కలు ముక్కలైపోయింది. దిష్టికని తలా ఒక మొహం పట్టుకుపోయారు. ఒకటి సెక్రటరీ మేడమ్ కూడా తీసుకుని వాళ్ళ బంగళా గేటుకి కట్టించింది. మా ఆయనకి రాత్రి షిఫ్టులు పెరగలేదు, తగ్గనూ లేదు. ఆ గేటు ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా ఇద్దరం తలలు దించుకుని, మలుపు తిరిగాక నవ్వేవాళ్ళం.

ఇప్పుడు ఆయన లేరు. నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుర్చీ వేస్తారు. మొగుడు పోయినదాన్నని వేస్తారో, మోకాళ్ళు చూసి వేస్తారో. కూర్చుంటాను, మొత్తం కూర్చుంటాను, ఎవరూ లాగరు. కానీ అంచు మీద ఊపిరి బిగబట్టి, ఒక లైనైనా రాకపోతుందా అని కూర్చున్న ఆ వెర్రిదాన్ని తలచుకుంటే నాకే ముచ్చటేస్తుంది. దానికి బుర్ర లేదు, భయం ఉంది, అయినా నోరు మూసుకోలేదు. పోనీలే.

రాసింది చాలు, కలం కింద పెట్టు. ఏదీ, మా తమ్ముడి కూతురివి కదా, పెద్ద చదువు చదివావు కదా, ఇప్పుడు మొదటినుంచీ గట్టిగా చదివి వినిపించవే. నేను అన్నట్టే రాశావో, నన్ను మంచిదాన్ని చేసేశావో వింటాను.