బియ్యప్పిండి ముగ్గు

కడపలో నేను అద్దెకుంటున్న ఇంటి వంటగట్టు నల్లటి కడప బండది. దాని మీద నిమ్మకాయ కోస్తే, రసం పడిన చోట సన్నగా నురుగొచ్చి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ పుల్లటి వాసన తగిలినప్పుడల్లా రాజంపేట దగ్గరి మా ఊరి బడి, రేకుల కప్పు కింది ఏడో తరగతి గుర్తుకొస్తాయి.

ఎండలు ముదరక ముందే ఒకరోజు సైన్సు సారు ఇంట్లో ఉండే తెల్లటి పొడులను, పేరు రాయకుండా, పొట్లాలు కట్టి తెమ్మన్నారు. ఉప్పు, చక్కెర, వంటసోడా, బట్టల సోడా అన్నీ బెంచీ మీద చేరాయి. మంట మీద కరిగి పాకం వాసనేస్తే చక్కెర, గాయాలకు పూసే టింక్చర్ చుక్కకు నల్లబడితే పిండి, నిమ్మరసానికి పొంగితే సోడానో రాతిపొడో అని సారు చెప్పారు.

నేను మా ముగ్గుపిండి తీసుకుపోయాను. ఊరంతా రాతిపిండితో ముగ్గులేసినా మా గడప ముందు బియ్యప్పిండే. భూములు పోయి, గాదెలు ఖాళీ అయి, ఉగాదికి వీధంతా ఓళిగలు పంచడం మానుకున్నాక కూడా ఆ ఒక్క కట్టు తప్పలేదని అవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేనూ బడిలో చెప్పేదాన్ని.

సారు పొట్లాలన్నీ కలిపి పంచితే, నాది నా పక్కన కూర్చునే నూర్జాన్ చేతికి వచ్చింది. అది మా బియ్యప్పిండేనని అందరికీ వినబడేలా చెప్పాను. టింక్చర్ వేస్తే పిండి నల్లబడలేదు. నిమ్మరసం వేస్తే బుసబుసా పొంగింది.

"పెద్దింటోళ్ల బియ్యం రాళ్లయిపోయినాయి సార్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. తరగతంతా నవ్వింది. నూర్జాన్ నవ్వలేదు. నేను తల వంచలేదు.

సాయంత్రం చేటలో నూకలు ఏరుతున్న అమ్మను నిలదీశాను. ఆమె వసారాలో మంచం మీదున్న అవ్వ వైపు చూసి గొంతు తగ్గించింది.

"తినేదానికే సాలడంల్యా. అవ్వకు చెప్పాకు మే, తట్టుకోలేదు."

అవ్వకు చూపు పోయింది. బియ్యప్పిండి ముగ్గంటే చీమలకు పెట్టే అన్నమని ఆమె నమ్మకం. అందుకే పొద్దున్నే అమ్మను ఒక మాట అడిగేది. మర్నాడు అమ్మ బావికి పోయింది, నేను దొరికాను.

"చీమలొచ్చినాయామ్మా?"

వాకిట్లో ఒక్క చీమ లేదు. నన్ను బడికి పిలవడానికి వచ్చి అరుగు దగ్గర నిలబడ్డ నూర్జాన్ ముగ్గు వైపు ఒకసారి చూసింది.

"శానా వచ్చినాయవ్వా! కాలు పెట్టేదానికి సందు ల్యా."

"రానీలేమ్మా," అంది అవ్వ, "మనింటికి గాక యాడికి పోతాయి."

అవ్వ ఆ నమ్మకంతోనే కన్నుమూసింది. ఇల్లు చేతులు మారింది. నూర్జాన్ పెళ్లై నందికొట్కూరు వైపు పోయిందని విన్నాను, మళ్లీ కలవలేదు. ఇప్పుడు నాకు బియ్యానికి కొదవ లేదు. రోజూ బియ్యప్పిండితోనే ముగ్గేస్తాను. మొన్న ఇంటి ఓనరమ్మ వచ్చి, "ఆ పిండి ఆపమ్మా, ఇల్లంతా చీమలు పడతాండాయి" అని, గడప పొడవునా మందు చల్లించింది.

వాకిలి ఆమెది.