రేకు బాక్సుకు మూడు రబ్బరు బ్యాండ్లు

మా ఆయన తెచ్చిన గిటారు మీద సి మేజర్ ఆర్పెజియో నేర్చుకుంటున్నాను. మూడు స్వరాలను కలిపి కాకుండా ఒకదాని వెంట ఒకటి మీటాలి. అత్తమ్మకు వినపడకూడదని తీగల కింద తువ్వాలు దోపాను.

ఆ మూగ చప్పుడుకు మా ఐదో తరగతి గుర్తొచ్చింది. రేకు కంపాస్ బాక్సుకు మూడు రబ్బరు బ్యాండ్లు తగిలించి, బల్ల కింద ఒక్కొక్కటే మీటేవాళ్ళం. "ఎవర్రా అది?" అని మాస్టారు అరవగానే నావి భయంతో తెంపేశాను. మళ్ళీ తగిలించనే లేదు.

ఇవాళ అలా చేయకూడదనుకుని తువ్వాలు లాగేశాను. మూడు స్వరాలూ ఇల్లంతా మోగాయి. అత్తమ్మ వినేసిందని తీగలను అరచేత్తో అదిమి ఆపేశాను.

వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తమ్మ కేకేసింది.

"ఏమే, ఆపావేంది? దాని మోతకు నా చేతులు చానా జోరుగా ఆడతన్నాయి. కానీయ్!"