‘కారణం’ గడిలో నేను రాసిన రంగు

నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, కార్తీకమాసం మొదటి సోమవారం, సోమందేపల్లె వైపు ఒక చెరువులో దిగిన ఫ్లెమింగోలను ఫొటో తీయమని ఉత్తర్వు అందింది. అప్పుడు నేను ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. ఏళ్ల తరబడి తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని ఆ చెరువు ఆ ఏడాది నిండింది.

ఫ్లెమింగో నిలబడి ఉంటే దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. రెక్క విప్పితేనే గులాబీ. అవి లేచే క్షణం కోసం గట్టు చాటున రెండు ఉదయాలు కాచుకున్నాను. మూడో ఉదయం దొరికింది.

మా దగ్గర ప్రతి ఫొటోకూ ఒక పత్రం జతచేయాలి. స్థలం, తేదీ, విశేషం, కారణం అని నాలుగు గడులు. ఒక్కటి ఖాళీగా ఉన్నా పత్రం తిరిగి వస్తుంది. నా సర్వీసులో ఒక్కటీ తిరిగి రాలేదు. విశేషం దగ్గర ‘పక్షుల గులాబీ రంగు’ అని రాశాను. కారణం నాకు తెలియదు. తలెత్తి చూస్తే గట్టు మీద నారాయణప్ప షెడ్డు కనిపించింది. ధర్మవరం మగ్గాలకు వెళ్లే పట్టునూలుకు రంగు అద్దేది ఆయనే. ‘అద్దకపు నీరు కావచ్చు’ అని రాశాను. శుభ్రప్రతి తీసిన గుమాస్తా ‘కావచ్చు’ అనవసరమని కొట్టేశాడు.

పది రోజులకు నారాయణప్పకు నోటీసు వెళ్లింది. పక్షులకు రంగు వేసినందుకు షెడ్డు ఎందుకు మూయరాదో చెప్పాలి. పెళ్లిళ్ల కాలం, షెడ్డు మూస్తే ఆయన నూలు మీద నడిచే మగ్గాలన్నీ ఆగుతాయి.

విచారణకు వచ్చిన అధికారి నన్ను సాక్షిగా పిలిచారు. నారాయణప్ప నా ఫొటో తీసుకుని చాలాసేపు చూశాడు.

“నీళ్లల్లో మునిగేది పొట్ట. అది తెల్లగుండాది. రంగేమో రెక్కల కింద ఉండాది. ఇవి తలకిందులుగా ఈదినాయా సార్?”

కాళ్లు మాత్రం గులాబీగానే ఉన్నాయని అధికారి రాసుకున్నారు.

అప్పుడు నారాయణప్ప గట్టున రాలిన గులాబీ ఈక ఒకటి తెచ్చి, తెల్ల పట్టునూలుతో కలిపి కట్టి, సబ్బునీళ్లలో ఉడకబెట్టాడు. అద్దకంవాళ్ల పరీక్ష ఇది. రంగు కచ్చా అయితే తెల్లనూలుకు అంటుతుంది. సాక్షులుగా పిలిచిన ఇద్దరు పంచుల ఎదుట కట్ట విప్పారు. నూలు తెల్లగానే ఉంది, ఈక గులాబీగానే ఉంది.

“ఇంత గట్టి రంగు నా షెడ్డులో యాడుండాదప్పా? ఉంటే కొంగలకేస్తానా, చీరలకేసుకోనా?” అన్నాడు.

తన అద్దకం గట్టిది కాదని నారాయణప్ప అంగీకరించినట్లు అధికారి పంచనామాలో చేర్చారు.

“ఆ మాట మగ్గాలోళ్ల దాకా పోనీయొద్దు సార్,” అన్నాడు నారాయణప్ప మొదటిసారి కంగారుగా.

రంగు బయటినుంచి అంటేది కాదని, అవి తినే నాచులో, సన్న రొయ్యల్లో ఉండే పదార్థం ఒంట్లో చేరి ఈకలకు ఎక్కుతుందని కాలేజీ జంతుశాస్త్ర అధ్యాపకుడు రాసిచ్చాక నోటీసు రద్దయింది. ఉడికిన ఈక సీలు వేసిన కవరులో ఫైలుకు చేరింది.

విశేషం కెమెరాకు దొరుకుతుంది, కారణం దొరకదు. తరువాతి పత్రంలో ఆ గడిలో ‘తెలియదు’ అని రాశాను. నా సర్వీసులో తిరిగి వచ్చిన మొదటి పత్రం అది. మళ్లీ అదే రాసి పంపాను.